ఇంటి కుక్కకు ఏం పెట్టాలి, ఎంతలో పెట్టాలి

పెట్ షాపులో గోడ నిండా సంచులుంటాయి. కిలో 200 రూపాయల చిల్లర నుంచి 800, 900 దాకా ధరలు పలుకుతాయి. సంచి ముందువైపు నిగనిగలాడే బొచ్చుతో ఓ కుక్క బొమ్మ, పక్కన మాంసం ముక్కలు, క్యారెట్లు. కొనేవాళ్లకు నిజంగా పనికొచ్చే సంగతులేమో వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంటాయి. అవి చదివే అలవాటు లేక, ధర ఎక్కువైతే మంచిదేననుకుని కొందరు తాహతుకు మించి కొంటున్నారు. అంత పెట్టలేనివాళ్లు పెరుగన్నంతో సరిపెడుతున్నారు. ఈ రెండింటికీ మధ్యన, జీతంతో బతికే ఇల్లు మోయగలిగిన దారి ఒకటుంది. దానికి కొంచెం లెక్క వేసుకోవాలి. అది ఎవరైనా వేసుకోగలిగిన లెక్కే కాబట్టి ఓపిగ్గా చూద్దాం.

ముందు కుక్కకు రోజుకు ఎన్ని కేలరీలు కావాలో తేలాలి. పశువైద్యులు వాడే సూత్రం ఒకటుంది, ఫోన్లో క్యాలిక్యులేటర్ ఉంటే చాలు. 20 కిలోల కుక్కనే తీసుకుందాం. 20ని 20తో, మళ్లీ 20తో గుణిస్తే 8,000. ఇప్పుడు వర్గమూలం గుర్తును రెండుసార్లు నొక్కితే 9.46 వస్తుంది. దాన్ని 70తో గుణిస్తే 662. కదలకుండా పడుకున్నా ఆ ఒంటికి కావలసిన కేలరీలవి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన, రోజూ మామూలుగా నడిచే పెద్ద కుక్కకైతే ఈ అంకెను 1.6తో గుణిస్తారు. 1,059 అవుతుంది. వెయ్యి అనుకుందాం, లెక్కలు తేలికవుతాయి. ఇదే పద్ధతిలో 10 కిలోల కుక్కకు 630, 30 కిలోల ల్యాబ్‌కు 1,436 వస్తాయి. అంటే బరువు మూడింతలైనా తిండి రెండింతల పైచిలుకే పెరిగింది. పెద్ద కుక్కను పెంచేవాళ్లు అక్కర్లేనంత పెట్టేది ఇక్కడే. పైగా ఇది సగటు లెక్క. పొలం గట్ల మీద రోజంతా తిరిగే కుక్కకు ఇంకా కావాలి, మూడో అంతస్తు ఫ్లాట్‌లో బాల్కనీ దాటని కుక్కకు ఇంతకంటే బాగా తక్కువ చాలు.

ఇప్పుడు పెరుగన్నం సంగతి. కుక్కకు అన్నం అరగదనీ, దానికి మాంసమే పెట్టాలనీ చాలామంది చెబుతారు. అది నిజం కాదు. తోడేలు నుంచి కుక్క విడిపోయాక మనిషి ఎంగిలి మెతుకులు తిని బతికింది, ఆ తిండికి దాని ఒళ్లు కూడా మారింది. పిండి పదార్థాన్ని అరిగించే ఎంజైమ్‌కు సంబంధించిన జన్యువు తోడేలులో సాధారణంగా రెండు ప్రతులుంటే, కుక్కల్లో నాలుగు నుంచి ముప్ఫై దాకా ఉన్నాయని 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. ఉడికిన అన్నం కుక్కకు చక్కగా అరుగుతుంది. ఉత్త పెరుగన్నంలో అసలు లోటు వేరే ఉంది. 600 గ్రాముల అన్నం, 350 గ్రాముల పెరుగు కలిపితే సుమారు వెయ్యి కేలరీలు వస్తాయి. మన 20 కిలోల కుక్కకు కడుపు నిండింది. కానీ అందులో ప్రొటీన్ 28 గ్రాములకు మించదు, కాల్షియం అర గ్రాము దగ్గరే ఆగిపోతుంది. కుక్కల ఆహారానికి ప్రమాణాలు నిర్ణయించే అమెరికా సంస్థ ఆఫ్కో, పెద్ద కుక్కకు ప్రతి వెయ్యి కేలరీలకూ కనీసం 45 గ్రాముల ప్రొటీన్, 1.25 గ్రాముల కాల్షియం ఉండాలంటుంది. జింక్, రాగి, అయోడిన్, ఇ విటమిన్ల లెక్కలోనూ పెరుగన్నం వెనకబడే ఉంటుంది. ఈ లోటు వారంలోనో నెలలోనో కనబడదు. బొచ్చు గరుకెక్కడం, చర్మం పొట్టు రేగడం, తొడల కండ కరగడం మెల్లమెల్లగా జరుగుతాయి. ఈలోగా ‘మా కుక్క పెరుగన్నం మీదే బతుకుతోంది, ఏమీ కాలేదు’ అన్న ధీమా కుదిరిపోతుంది.

ఇక సంచి వెనకవైపుకు వద్దాం. మామూలు డ్రై ఫుడ్ సంచి మీద ఇలా ఉందనుకోండి: ప్రొటీన్ కనీసం 20 శాతం, కొవ్వు కనీసం 10, పీచు గరిష్ఠం 5, తేమ గరిష్ఠం 10. మన దగ్గర దొరికే చాలా సంచుల మీద కేలరీలు స్పష్టంగా వేయరు. మనమే కట్టుకోవచ్చు. బూడిద, అంటే ఖనిజాల భాగం, రాయకపోతే 8 శాతం అనుకోవాలి. వీటన్నిటినీ కూడితే 53. వందలో మిగిలిన 47 పిండి పదార్థం. ప్రొటీన్‌ను 3.5తో, కొవ్వును 8.5తో, పిండి పదార్థాన్ని 3.5తో గుణించి కలపాలి. 70, 85, 164.5 కలిస్తే వంద గ్రాములకు దాదాపు 320 కేలరీలు. కిలోకు 3,200.

ఈ అంకె చేతికొచ్చాకే ధరలు పోల్చాలి. ఈ సంచి కిలో 220 రూపాయలైతే వెయ్యి కేలరీలు సుమారు 69 రూపాయలకు వస్తున్నాయి. పక్కనే కిలో 330 రూపాయల సంచి ఉంది, అందులో ప్రొటీన్ 24, కొవ్వు 14, పీచు 4 అనుకుందాం. అదే లెక్కన కిలోకు 3,430 కేలరీలు, వెయ్యి కేలరీలకు 96 రూపాయలు. కిలో ధరలో తేడా సగానికి సగం ఉంటే, కేలరీ ధరలో తేడా 40 శాతమే. రెండో సంచిలో ప్రొటీన్ కూడా ఎక్కువ. కుర్ర కుక్కకో, బాగా పరుగెత్తే కుక్కకో అది తగిన ఖర్చే. ఇంటి పట్టునుండే ఐదారేళ్ల కుక్కకు మొదటి సంచితో లోటేమీ ఉండదు.

తడి ఆహారం పౌచ్‌లకు ఇదే లెక్క వేసి చూడండి, నీళ్లే ఎక్కువ కాబట్టి బూడిద మాత్రం 8 శాతం కంటే బాగా తక్కువ అనుకోవాలి. ప్రొటీన్ 7, కొవ్వు 4, తేమ 82 శాతం అని రాసి ఉన్న 80 గ్రాముల పౌచ్‌లో 60 కేలరీలు కూడా ఉండవు. పౌచ్ 40 రూపాయలనుకుంటే వెయ్యి కేలరీల ఖర్చు 700 దగ్గరికి పోతుంది, రోజుకు పదిహేడు పౌచ్‌లు చింపాలి. ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. 7 శాతం ప్రొటీన్ అని చూసి ఆ ఆహారం నాసిరకమనుకోకూడదు. నీళ్లు తీసేసి చూస్తే మిగిలిన 18 గ్రాముల్లో 7 ప్రొటీనే, అంటే 39 శాతం. డ్రై ఫుడ్‌లో అదే లెక్క 22 శాతం. తడి ఆహారం మంచిదే. జ్వరపడి తినని కుక్కకు, పళ్లు ఊడిన ముసలి కుక్కకు దాని అవసరం ఉంటుంది. రోజువారీ కడుపు నింపడానికి మాత్రం మధ్యతరగతి జేబు దాన్ని మోయలేదు.

లేబుల్ మీద ప్రొటీన్ అంకెను గుడ్డిగా నమ్మకూడదనడానికి ఒక చేదు కారణముంది. ఆ పరీక్షలో నిజానికి కొలిచేది నత్రజనిని. దాన్ని 6.25తో గుణించి ప్రొటీన్ అని రాస్తారు. 2007లో చైనా నుంచి అమెరికాకు వెళ్లిన గోధుమ గ్లూటెన్‌లో మెలమైన్ కలిపారు. మెలమైన్‌లో నత్రజని మెండుగా ఉంటుంది కాబట్టి పరీక్షలో ప్రొటీన్ ఎక్కువ చూపించింది. ఎన్నో కుక్కలు, పిల్లులు కిడ్నీలు చెడి చనిపోయాయి, పేరున్న కంపెనీలు సైతం సరుకు వెనక్కి తీసుకోవలసి వచ్చింది. అందుకే అంకెలతో పాటు ఇంకొన్ని చూడాలి. ‘సంపూర్ణ, సమతుల ఆహారం’ అన్న మాట, అది ఏ వయసు కుక్కకో కూడా ఉండాలి. తయారీ చిరునామా, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉండాలి. ఫోన్ చేస్తే కేలరీలెన్ని, కాల్షియమెంత అని చెప్పగలిగిన కంపెనీ కావాలి. ఆఫ్కో ప్రమాణాల మేరకు తయారుచేశామని రాసుకోవచ్చు గానీ, ఆఫ్కో ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు, సరుకును పరీక్షించదు. ‘ఆఫ్కో సర్టిఫైడ్’ అని అమ్మేవాళ్లు చెబితే నమ్మనక్కర్లేదు.

దిగుమతి అన్న మాటకూ మురిసిపోవద్దు. పెడిగ్రీ తయారుచేసే మార్స్ కంపెనీకి సిద్దిపేట జిల్లాలోనే కర్మాగారం ఉంది. డ్రూల్స్ పొరుగున ఛత్తీస్‌గఢ్‌లోని రాజ్‌నంద్‌గావ్ నుంచి వస్తుంది. విదేశీ సంచి ధరలో రవాణా, సుంకం కలిసి ఉంటాయి, ఆ డబ్బు కుక్కకు పోషణగా మారదు. ‘గ్రెయిన్ ఫ్రీ’ అనే ధాన్యం లేని ఆహారానికీ ఆరోగ్యంగా ఉన్న కుక్క కోసం అదనపు ధర పెట్టడం దండగని నా అభిప్రాయం. ధాన్యం బదులు బఠాణీ, పప్పులు దండిగా వేసిన అలాంటి ఆహారాలకూ కుక్కల్లో ఒక రకం గుండె జబ్బుకూ సంబంధం ఉందేమోనని 2018లో అమెరికా ఎఫ్‌డీఏ దర్యాప్తు మొదలుపెట్టింది. కారణం ఇదీ అని గట్టిగా తేలలేదు. అన్నం అరిగే కుక్కకు ధాన్యం మానిపించాల్సిన అవసరం మాత్రం ఎవరూ చూపించలేదు.

సంచులొద్దు, మేమే వండి పెడతాం అనేవాళ్లూ చాలామంది ఉన్నారు. వాళ్ల ప్రేమను తక్కువ చేయలేం. కానీ వండితే చవకన్నది సరిగ్గా లెక్క వేస్తే నిలవదు. 20 కిలోల కుక్కకు 150 గ్రాముల బియ్యం, 150 గ్రాముల బోన్‌లెస్ చికెన్, ఒక గుడ్డు, 30 గ్రాముల కార్జం, వంద గ్రాముల గుమ్మడి, బీన్స్ లాంటి కూరగాయలు, రెండు చెంచాల నూనె. 950 కేలరీల దాకా, 54 గ్రాముల ప్రొటీన్ వస్తాయి. బోన్‌లెస్ కిలో 350, గుడ్డు 7 రూపాయల లెక్కన 75, 80 రూపాయలవుతుంది. గ్యాసు, వండే మనిషి శ్రమ దీనికి అదనం. అంటే 220 రూపాయల సంచి కంటే ఖర్చు ఎక్కువే. అంత చేసినా కాల్షియం బాగా తక్కువ. మాంసంలో భాస్వరం విపరీతం, కాల్షియం నామమాత్రం. ఆ లోటు తీరాలంటే గుడ్డు పెంకులను కడిగి, కాసేపు ఉడికించి, ఎండబెట్టి, మిక్సీలో మెత్తటి పొడి చేసి రోజుకు 3 గ్రాములు, అంటే అర చెంచాకు కాస్త పైగా కలపాలి. కాల్షియం సమస్య పైసా ఖర్చు లేకుండా తీరుతుంది. జింక్, అయోడిన్, డి, ఇ విటమిన్ల సమస్య అలా తీరదు. 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పశువైద్యులు పుస్తకాల్లో, వెబ్‌సైట్లలో ఉన్న 200 ఇంటి వంటకాలను పరీక్షిస్తే 95 శాతంలో ఏదో ఒక ముఖ్యమైన పోషకం తక్కువపడింది. వాటిలో పశువైద్యులు రాసినవి కూడా ఉన్నాయి. పూర్తిగా ఇంటి వంటే పెట్టాలనుకుంటే ఆ కుక్కకు తగ్గట్టు డాక్టర్ చేత కొలతలు రాయించుకుని, ఆయన చెప్పిన విటమిన్, ఖనిజాల పొడి కలపడం తప్పనిసరి.

మరి మధ్య దారి ఏది? మధ్యరకం డ్రై ఫుడ్ ఆధారంగా ఉండాలి, ఇంటి తిండి దానికి తోడు కావాలి. మన 20 కిలోల కుక్కకు 220 రూపాయల సంచిలోంచి రోజుకు 200 గ్రాములు. దాంతో 640 కేలరీలు, 40 గ్రాముల ప్రొటీన్. మిగిలిన 360 కేలరీలకు రెండు ఉడికించిన గుడ్లు, 150 గ్రాముల అన్నం, ఓ గుప్పెడు ఉడికిన కూరగాయ ముక్కలు. మొత్తం ప్రొటీన్ 56 గ్రాములవుతుంది. కాల్షియం, జింక్, విటమిన్లు చాలామటుకు సంచి నుంచే వస్తాయి కాబట్టి వేరే పొడులు అక్కర్లేదు. ఖర్చు 44 రూపాయల డ్రై ఫుడ్, 14 రూపాయల గుడ్లు, అన్నం, కూర కలిపి 62 దగ్గర తేలుతుంది. నెలకు 1,900 లోపు. ఉత్త డ్రై ఫుడ్ పెడితే 2,070 అవుతుంది. పొదుపు పెద్దగా లేకపోవచ్చు గానీ గుడ్డు ప్రొటీన్ అన్నిటికంటే బాగా అరిగేది, కుక్క కూడా గిన్నె నాకి మరీ తింటుంది. గుడ్డు చౌకగా, సందు చివరి కొట్లో కూడా దొరకడం మనకున్న వీలు, దాన్ని వాడుకోవాలి. గుడ్డు ముట్టని ఇళ్లలో దాని బదులు పనీరు వాడవచ్చు, ఖర్చు కాస్త పెరుగుతుంది. ఏదైనా సగానికి పైగా కేలరీలు సంచి నుంచి రావాలన్నది మరవకూడదు. కొత్త తిండికి ఒక్కసారిగా మార్చకుండా, వారం రోజులు పాతది తగ్గిస్తూ కొత్తది పెంచాలి. లేకపోతే విరేచనాలు పట్టుకుని, నేరం మంచి తిండి మీద పడుతుంది.

కుక్కపిల్లకు మాత్రం ఈ మధ్య దారి వర్తించదు. ఎదిగే ఎముకకు కొలత తప్పితే తర్వాత దిద్దలేం. ఉత్త చికెన్, అన్నంతో పెరిగిన పిల్లల్లో కాల్షియం లేక ఎముకలు మెత్తబడి కాళ్లు వంగడం, సోఫా మీంచి దూకితేనే విరగడం పశువైద్యులు చూస్తూనే ఉంటారు. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ప్రమాదం కూడా అంతే మామూలు. ల్యాబ్, జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్, గ్రేట్ డేన్ పిల్లలకు మంచి పప్పీ ఫుడ్ పెడుతూనే, ఎముకలు గట్టిపడతాయని కాల్షియం టానిక్ పోస్తారు. ఆరు నెలల లోపు పిల్ల పేగు అక్కర్లేని కాల్షియాన్ని వద్దని ఆపలేదు, ఎంత ఎక్కువ పోస్తే అంత ఎక్కువ పీల్చుకుంటుంది. ఎముకలు, కీళ్లు వంకర పోతాయి. సంపూర్ణ ఆహారం తినే పిల్లకు టానిక్ హాని. పెద్ద జాతి పిల్ల అయితే సంచి మీద ‘లార్జ్ బ్రీడ్ పప్పీ’ అని ఉన్నదే కొనండి. అది ఏడాది, ఏడాదిన్నర ఖర్చు. ఆ తర్వాత చవక సంచికి దిగవచ్చు.

ఇంట్లో మిగిలిన కూరన్నం పెట్టడం గురించి గట్టిగానే చెప్పాలి. మన కూరల్లో ఉల్లి, వెల్లుల్లి లేనివి తక్కువ. ఉల్లిలోని గంధక పదార్థాలు కుక్క ఎర్ర రక్త కణాలను పగలగొడతాయి. కిలో బరువుకు 15 నుంచి 30 గ్రాముల ఉల్లి తిన్న కుక్కల్లో రక్తం స్పష్టంగా దెబ్బతింది. రోజూ కొంచెం కొంచెం వెళ్లినా అదే గతి. ఉడికించినా, వేయించినా ఆ గుణం పోదు. బిర్యానీ అడుగు, మటన్ పులుసు కుక్కకు వేయవద్దు. ద్రాక్ష, కిస్‌మిస్ కిడ్నీలను చెడగొడతాయి. చాక్లెట్ గుండె మీద పనిచేస్తుంది. షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్‌లలో వాడే జైలిటాల్ గంటలోపే రక్తంలో చక్కెరను పడగొట్టి ప్రాణం మీదికి తెస్తుంది. ఉడికిన బొమికలు సూదుల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. చికెన్ షాపుల్లో చవకగా ఇచ్చే కాళ్లు, తలలు, తోలు పచ్చిగా పెడితే సాల్మొనెల్లా కుక్కతో పాటు ఇంట్లో పసిపిల్లలకూ అంటుకోవచ్చు. ఉడికించి, ఎముక తీసేసి పెట్టాలి. కార్జం చవకని రోజూ దాంతోనే కడుపు నింపితే ఎ విటమిన్ ఒంట్లో పేరుకుని ఎముకలను పాడుచేస్తుంది. పైన చెప్పిన 30 గ్రాములు దాటకపోవడం మంచిది. ఇక బిస్కెట్లు. తీపి బిస్కెట్లలో వంద గ్రాములకు 450 కేలరీల దాకా ఉంటాయి. చిరుతిళ్లన్నీ కలిపి రోజు కేలరీల్లో పదో వంతు దాటకూడదు. 20 కిలోల కుక్కకు అది చిన్న బిస్కెట్లు నాలుగు.

బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశనగ చెక్క మనం తినలేమని కుక్కకు వేసే అలవాటు పల్లెల్లో ఉంది. ఆ బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ కాలేయాన్ని చంపుతుంది. మామూలు వంట వేడికి అది పోదు. 2020 చివర్లో అమెరికాలో ఇదే విషం ఉన్న డ్రై ఫుడ్ తిని పదుల సంఖ్యలో కుక్కలు చనిపోయాయి. కోస్తా జిల్లాల ఉక్కపోతలో ఈ జాగ్రత్త మరీ అవసరం. షాపులో మూతి తెరిచిన గోనెలోంచి తూచి ఇచ్చే లూజు ఫుడ్ కొనవద్దు. అది ఎప్పుడు తెరిచారో, ఏ బ్యాచో తెలియదు. 20 కిలోల సంచి కిలో లెక్కన చవకే. అయితే తెరిచిన నెల, నెలన్నరలో అయిపోయేంతే కొనాలి. పెట్టె లోకి ఒంపకుండా, సంచితో సహా పెట్టెలో పెట్టి మూత వేయాలి. కొవ్వు ముక్కిన వాసన వస్తే ధర చూడకుండా పారేయాలి.

చివరగా, ఖర్చూ తగ్గి ఆయుష్షూ పెరిగే పని ఒకటుంది. 2002లో అచ్చయిన ఒక అధ్యయనంలో 48 ల్యాబ్రడార్లను జంటలుగా విడదీసి, ఒకదానికి పెట్టిన దానికంటే రెండోదానికి 25 శాతం తక్కువ తిండి జీవితాంతం పెట్టారు. తక్కువ తిన్నవి సగటున దాదాపు 1.8 సంవత్సరాలు ఎక్కువ బతికాయి, కీళ్ల జబ్బులూ ఆలస్యంగా వచ్చాయి. ఏ ఖరీదైన సంచీ ఇంత లాభం చూపించలేదు. మీ కుక్క పక్కటెముకల మీద అరచేయి పెట్టి మెల్లగా నిమరండి. ఎముకలు పలచటి తోలు కింద ఉన్నట్టు చేతికి తగలాలి. పైనుంచి చూస్తే నడుము సన్నబడి కనబడాలి. నొక్కితే గానీ ఎముక దొరకకపోతే తిండి ఎక్కువైనట్టే. బాగా తింటూ కూడా చిక్కిపోతుంటే తిండి మార్చే ముందు నులిపురుగుల మందు వేయించండి.

ఈ నెల సంచి కొనే ముందు కుక్కను తూచండి. ఊళ్లో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లి తూయించవచ్చు. లేదంటే ఇంట్లో తూకం మీద కుక్కను ఎత్తుకుని నిలబడి, మీ బరువు తీసేయండి. దానికెన్ని కేలరీలో కట్టి సంచి మీద పెన్నుతో రాసుకోండి. గ్లాసు కొలత నమ్మకుండా వంటింటి కాటాతో గ్రాముల్లో పెట్టండి. నెల తర్వాత మళ్లీ తూచి, ఉండాల్సినదానికంటే పెరిగితే పదో వంతు తగ్గించండి, తగ్గితే పదో వంతు పెంచండి. రెండు నెలలు ఇలా చేసినా బరువు దారికి రాకపోతే డాక్టర్‌కు చూపించండి.